రాళ్ల గుంతా, రాళ్ల వాలా: మంచును ఏది బాగా దాస్తుంది?

కిరాణా కొట్టులో ఐస్‌క్రీమ్ డీప్ ఫ్రీజర్‌కి మూత పైన ఉంటుంది. చల్లగాలి బరువు కాబట్టి మూత తీసినా అడుగునే ఉండిపోతుంది. ఇంట్లో ఫ్రిజ్ తలుపు తీస్తే మాత్రం ఆ చల్లదనం కాళ్ల మీదికి జారిపోతుంది. కొండల్లో బండరాళ్ల కుప్పలూ ఈ రెండు రకాలే.

గుంత రకం డీప్ ఫ్రీజర్ లాంటిది. చలికాలంలో బయటి గాలి రాళ్ల సందుల్లోకి దిగి, లోపలి వెచ్చటి గాలిని పైకి తోసేస్తుంది. ఎండాకాలంలో బయటి గాలి తేలిక, అది కిందికి దిగదు. అంటే చలికి తెరుచుకుని, వేడికి మూసుకునే తలుపన్నమాట. మంచు గుహల మీద 1900లో పుస్తకం రాసిన అమెరికన్ ఎడ్విన్ స్విఫ్ట్ బాల్చ్ పేరుతోనే శాస్త్రజ్ఞులు దీన్ని పిలుస్తారు.

వాలు రకం పొగగొట్టం లాంటిది, నాకు ఇదే ఎక్కువ ఆశ్చర్యం. చలికాలంలో రాళ్ల లోపలి గాలి బయటికంటే వెచ్చగా ఉండి, వాలు పైభాగం నుంచి పైకి పోతుంది. ఆ ఖాళీలోకి అడుగు నుంచి గడ్డకట్టే చలిగాలి దూరుతుంది. అందుకే పైన రంధ్రాల దగ్గర మంచు కరిగిపోయి ఉంటుంది, అడుగున మాత్రం రాళ్లు నెలల తరబడి చల్లబడతాయి. ఎండాకాలంలో అంతా తిరగబడుతుంది: చల్లగాలి అడుగున రాళ్ల సందుల్లోంచి బయటికి వస్తుంది.

స్విట్జర్లాండ్ జురా కొండల్లోని క్రూ ద్యు వాన్ దగ్గర రాళ్ల వాలు అడుగున, దాదాపు 1200 మీటర్ల ఎత్తులో, నేల ఏడాది పొడవునా గడ్డకట్టే ఉంటుంది. ఆల్ప్స్‌లో మామూలుగా అలాంటి నేల కావాలంటే దాదాపు 2400 మీటర్ల పైకి ఎక్కాలి. ఆ చలికి అక్కడి చెట్లు కూడా మరుగుజ్జుల్లా ఉంటాయి.

ఏది మేలు? తక్కువ ఎత్తులో మంచు నిలబడాలంటే వాలుకే నా ఓటు. కానీ అది కాపాడేది అడుగునే, పైభాగం వెచ్చబడుతుంది. మొత్తం చల్లగా ఉండాలంటే గుంత మేలు. అయితే దానికి చలికాలం గట్టిగా ఉండాలి, రాళ్ల మీద దట్టమైన మంచు దుప్పటిలా పరుచుకోకూడదు.

ఈ లెక్క తేలాల్సింది రైలు కట్ట దగ్గర. చైనాలో, టిబెట్ పీఠభూమి మీద 2006లో మొదలైన గోల్ముడ్–లాసా రైలు మార్గం పొడవు 1142 కిలోమీటర్లు, అందులో సుమారు 550 కిలోమీటర్లు గడ్డకట్టిన నేల మీదే. నేల కరిగితే కట్ట కుంగిపోతుంది. ఇంజినీర్లు కొండల పద్ధతినే తీసుకుని కట్ట కింద, పక్కల పెద్ద రాళ్లు పరిచారు. కొన్నిచోట్ల అమ్మోనియా నింపిన ఇనుప గొట్టాలు పాతారు. చలికాలంలో కింద అమ్మోనియా ఆవిరై, పైకి పోయి చల్లబడి, మళ్లీ కిందికి జారుతుంది. వేసవిలో దానంతట అదే ఆగిపోతుంది. కరెంటు అక్కర్లేదు.

నా లెక్కలో ముందు రాళ్లే. చవక, చెడిపోయే భాగాలు లేవు. కాకపోతే ఆ పీఠభూమి గాలి మోసుకొచ్చే ఇసుక సందుల్ని పూడ్చేస్తే రాళ్లు వట్టి కంకరే. నేలలో మంచు మరీ ఎక్కువున్న చోట రాళ్లనూ గొట్టాలనూ నమ్మకుండా వంతెనే కట్టేశారు. చింగ్‌షుయ్‌హ దగ్గర అది 11.7 కిలోమీటర్ల పొడవుంటుంది. స్తంభాలు లోతుగా దిగి ఉంటాయి, పైగా నేలకు నీడ కూడా. ఖర్చు మాత్రం అడగకండి.