బ్రాడీపేటలో ఏం తినాలి, ఏ టైముకి తినాలి

పిల్లల్ని కోచింగ్‌లో చేర్పించడానికో, కొత్తపేట ఆస్పత్రుల్లో పనిపడో గుంటూరు వచ్చిన చుట్టాలందరూ నన్ను అడిగేది ఒకటే, ఇక్కడ మంచి తిండి ఎక్కడ దొరుకుతుంది అని. చాలామంది ఫోన్లో రేటింగ్ చూసుకుని మెయిన్ రోడ్డు మీద ఏసీ ఉన్న హోటల్‌కి వెళ్లిపోతారు. ఆకలి తీరుతుంది, కాదనను. కానీ బ్రాడీపేట లోపలి లైన్లలో ఉన్న తిండి ఆ రేటింగుల్లో కనిపించదు, ఎందుకంటే ఇక్కడి బండ్లకీ మెస్సులకీ సగం వాటికి బోర్డే ఉండదు. నేను తిని చూసి తెలుసుకున్నది ముందే చెప్పేస్తాను. ఈ పేటలో ప్రతి చోటుకీ ఒక పూట ఉంటుంది, ఒకటో రెండో ఐటమ్స్‌లో చెయ్యి తిరిగి ఉంటుంది. ఆ పూటకి వెళ్లి ఆ ఐటమే తినాలి. అదే చోటికి వేరే టైములో వెళ్లి వేరేది అడిగితే చాలా మామూలుగా ఉంటుంది.

కొత్తవాళ్ల కోసం అడ్రసు సంగతి. బ్రాడీపేటలో 4/14 అంటే నాలుగో లైను, పధ్నాలుగో అడ్డరోడ్డు. ఇది తెలిస్తే చాలు, ఎవరిని అడిగినా దారి చెప్తారు. శంకర్ విలాస్ సెంటర్ దగ్గర ఆటో దిగి లోపలికి నడవడమే మంచిది, బండి వేసుకెళ్తే పార్కింగ్‌తోనే సరిపోతుంది.

పొద్దున పూట నా ఓటు నాలుగో లైన్లో, హాస్టళ్లు ఎక్కువ ఉన్న వైపు నిలబడే పెసరట్టు బండికి. ఒక పెద్దావిడ, ఆవిడ కొడుకు నడుపుతారు. ఇడ్లీ కూడా ఉంటుంది గానీ అది వదిలేయండి, అట్టు కోసం నిలబడండి. పొట్టు పెసలు రాత్రి నానబోసి తెల్లవారుజామున రుబ్బిన పిండి, రంగు చూస్తేనే తెలుస్తుంది, నిండు ఆకుపచ్చగా ఉంటుంది. కొన్ని చోట్ల గిట్టుబాటు కోసం బియ్యం ఎక్కువ పోస్తారు, అప్పుడు పిండి తెల్లగా పాలిపోయి అట్టు అప్పడంలా విరుగుతుంది. ఇక్కడ అంచు కరకరలాడుతుంది, మధ్యలో మెత్తగా ఉంటుంది. ఆవిడ గరిటెడు పిండి పెనం మీద పోసి గరిటె అడుగుతోనే చుట్టూ తిప్పి, గుప్పెడు ఉల్లిపాయ ముక్కలు, సన్నగా తరిగిన అల్లం, పచ్చిమిర్చి, జీలకర్ర చల్లి, అవి రాలిపోకుండా అట్లకాడతో మెల్లగా అదుముతుంది. అంచు చుట్టూ నూనె వేసి, అంచు ఎర్రబడేదాకా కదిలించదు. వెనక ఎంతమంది నిలబడి తొందరపెట్టినా సరే కదిలించదు. ఆ ఓపిక ఉన్న చెయ్యి కాబట్టే ఆ రుచి.

అల్లం చట్నీ గురించి విడిగా చెప్పాలి. నాలుక మీద పెట్టగానే బెల్లం, వెంటనే చింతపండు, ఆ తర్వాత అల్లం ఘాటు, చివర్లో ఎండుమిర్చి. ఈ వరుస కుదరడం అంత తేలిక కాదు, చాలా చోట్ల బెల్లం ఒక్కటే తగులుతుంది. "ఇంకొంచెం వేయమంటావా నాన్నా" అని ఆవిడే అడిగి వేస్తుంది, దానికి డబ్బులు తీసుకోదు. తొమ్మిది లోపల వెళ్లండి. పెసర పిండిని ఇడ్లీ పిండిలాగా పులియబెట్టరు, ఎండ ఎక్కేకొద్దీ పుల్లబడిపోతుంది, అందుకే ఆ టైముకి ఆవిడే బండి సర్దేస్తుంది. మిగిలిన పిండిని మధ్యాహ్నం దాకా లాగదు. ఆ ఒక్క పద్ధతికే ఆవిడంటే నాకు గౌరవం.

దీనికి సరిగ్గా వ్యతిరేకం, అక్కడికి దగ్గర్లోనే ఉన్న ఒక టిఫిన్ సెంటర్, పేరు చెప్పను. ఏడింటికి పల్లీ చట్నీ చిక్కగా బ్రహ్మాండంగా ఉంటుంది, తొమ్మిదిన్నరకి అందులో నీళ్లు కలుపుతారు, పైగా రెండోసారి అడిగితే పది రూపాయలు వేస్తారు. ఇడ్లీ ఎంత మెత్తగా ఉంటే ఏం లాభం, ఈ ఊళ్లో టిఫిన్ తినేదే చట్నీ కోసం. అక్కడికి ఎనిమిది దాటాక వెళ్లకండి.

మధ్యాహ్నానికి మెస్సు. అడ్డరోడ్డులో పాత ఇల్లు, ముందు గదిలో బల్లలు, వెనక వంట. పన్నెండున్నర నుంచి ఒకటిన్నర మధ్య వెళ్తేనే అన్నం పొగలు కక్కుతూ ఉంటుంది, రెండు దాటితే వేపుడు అయిపోయి పప్పు, పులుసే మిగులుతాయి. భోజనం 110 రూపాయలు. బియ్యం బీపీటీ 5204, మన పక్కనే బాపట్లలో పుట్టి 1986లో విడుదలైన వంగడం, సాంబ మసూరి అంటారు. ఇక్కడ పాత బియ్యం వాడతారు కాబట్టి మెతుకుకి మెతుకు విడిగా ఉంటుంది, ముద్ద కలిపితే మాత్రం చక్కగా కలుస్తుంది.

ఇక్కడ తినాల్సింది గోంగూర పచ్చడి, ముద్దపప్పు. గోంగూర పచ్చడి చాలా చోట్ల మిక్సీలో తిప్పి పేస్టు చేసేస్తారు, వీళ్లు రోట్లో నూరతారు, నారలాగా తెలుస్తుంది, పైన పచ్చి ఉల్లిపాయ ముక్కలు. వేడన్నంలో నెయ్యి వేసుకుని కలిపితే ఆ పులుపుకి చెవులు మూసుకుపోతాయి. మిరప పండే రోజుల్లో పండుమిరపకాయలు తొక్కి కొరివికారం కూడా పెడతారు, అది దొరికిన రోజు ఇంకేదీ అడగక్కర్లేదు.

కారం గురించి బయటివాళ్లకి ఒక అపోహ ఉంది, గుంటూరు భోజనం అంటే కళ్లలో నీళ్లు తిరగాల్సిందే అని. ఈ మెస్సులో తిని చూడండి. వంట చూసుకునే బాబాయ్‌ని అడిగితే గుంటూరు సన్నం రకం మిరపకాయ ఆడించిన కారమే వాడతామన్నారు. తేజ మిర్చికి ఘాటు ఎక్కువ, రోజూ తినే పిల్లలకి కడుపు మండుతుంది అన్నారు. మన సన్నానికి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. మిర్చి యార్డు ఉన్న ఊళ్లో కాయ ఎంచుకునే వీలుండి కూడా ఏదో ఒక కారం ప్యాకెట్టు తెచ్చి వండే హోటళ్లను చూస్తే బాధేస్తుంది. ఇక్కడ కారం తెలుస్తుంది, కానీ పప్పు రుచిని మింగేయదు.

లోపం కూడా చెప్పాలి. చేతులు కడుక్కునే చోటు ఇరుకు, ఎప్పుడూ తడిగానే ఉంటుంది, పెద్దవాళ్లని తీసుకెళ్తే చెయ్యి పట్టుకుని నడిపించండి. సాంబారు మామూలు. కూరలు మంగళవారం, శుక్రవారం బాగుంటాయి, మిగతా రోజుల్లో అంతగా ఉండవు. ఆ తేడా ఎందుకో నాకు అంతుపట్టలేదు.

సాయంత్రం ఐదున్నర తర్వాత పేట మొత్తం బజ్జీల వాసనే. కోచింగ్ క్లాసులు వదిలే టైముకి ప్రతి మూల మీదా ఒక బండి. ఇక్కడ మాత్రం రుచి కంటే ముందు మూకుడు చూడండి. నూనె నల్లగా ఉన్నా, బజ్జీ వేయగానే నురగ పొంగి దిగకపోయినా, కళ్లు మండే పొగ వచ్చినా అక్కడ నిలబడొద్దు. నూనె మళ్లీ మళ్లీ కాగితే పెరిగే చెడు పదార్థాలు, పోలార్ కాంపౌండ్లంటారు, అవి 25 శాతం దాటకూడదని దేశంలో ఆహార భద్రత చూసే ఎఫ్ఎస్ఎస్ఏఐ 2018 నుంచి నిబంధన పెట్టింది గానీ బండి దగ్గర కొలిచి చూసేదెవరు, మన కళ్లే కొలత. ఒక పేరున్న బండి దగ్గర తిని రాత్రంతా గొంతు మంటతో కూర్చున్నాక అటు వెళ్లడం మానేశాను.

నేను వెళ్లేది రెండో లైన్లో ఒక అన్న దగ్గరికి. ఆయన రోజుకి సరిపడా నూనె పోస్తాడు, అయిపోతే బండి కట్టేస్తాడు. మిరపకాయ చీల్చి గింజ తీసి, వాము, చింతపండు కలిపిన ముద్ద కూరి ఒకసారి వేయిస్తాడు, అడిగితే ముక్కలు కోసి మళ్లీ వేయించి ఉల్లిపాయ, నిమ్మరసం చల్లి ఇస్తాడు. ఆ కట్ మిర్చే తీసుకోండి, ప్లేటు 40 రూపాయలు. పునుగులు కూడా వేస్తాడు, పర్వాలేదు, కానీ పునుగుల కోసమైతే విజయవాడ వాళ్ల చెయ్యే గొప్ప, ఆ మాట గుంటూరువాణ్ణయినా ఒప్పుకుంటాను. పక్కనే గోలీసోడా దొరుకుతుంది, నిమ్మకాయ, ఉప్పు వేయించుకుంటే బజ్జీ తిన్నాక హాయిగా ఉంటుంది.

రాత్రి బిర్యానీల గురించి పెద్దగా రాసేదేం లేదు, అన్నీ ఒకేలా ఉన్నాయి, రంగు ఎక్కువ, దమ్ము తక్కువ. రాత్రి ఈ పేటలో ఉంటే ఏ బండి మీదైనా పెనం మీద నుంచి అప్పుడే తీసిన కారం దోశ తినేసి పడుకోండి.

మెస్సుకి ఆదివారం సెలవు. ఆస్పత్రిలో ఉన్నవాళ్లకి క్యారేజీ కావాలంటే పదకొండు లోపల చెప్పాలి, గిన్నెలు మనమే పట్టుకెళ్లాలి, కవర్లలో కట్టివ్వరు. కారం తగ్గించి వండమంటే విడిగా పప్పుచారు పెట్టిస్తారు, పేషెంటుకి అని చెప్పండి చాలు.