చిగురు మీది రక్తపు బుడిపెకు ‘లేజర్ ప్యాకేజీ’ కొనే ముందు ఇది చదవండి

ఇంట్లో గర్భిణి ఉంటే ఇది తప్పకుండా చదవండి. మా చెల్లెలికి ఐదో నెలలో పై ముందు పళ్ల మధ్య చిగురు మీద బఠాణీ గింజంత ఎర్రటి బుడిపె లేచింది. బ్రష్ తగిలితే చాలు, రక్తం. ప్రకటన చూసి వెళ్లిన దంతవైద్యశాలలో ఒక్కసారి టార్చి వేసి చూసి, “అశ్రద్ధ చేస్తే క్యాన్సర్ కావచ్చు, ఈరోజే కడితే లేజర్ ప్యాకేజీలో తగ్గింపు ఇస్తాం” అన్నారు. కడుపుతో ఉన్న మనిషి ముందు అనాల్సిన మాటేనా అది? హడలిపోయి మా మరిది అక్కడికక్కడే డబ్బు కట్టేశాడు.

బుడిపె తీశారు. తీసిన ముక్కను రక్తపు దూదితో పాటు చెత్తబుట్టలో వేశారు. ఆ పళ్ల వెనక పచ్చగా పేరుకున్న గారను ముట్టుకోనేలేదు. కాన్పుకు ముందే బుడిపె అదే చోట మళ్లీ లేచింది. అడిగితే, రెండోసారికి సగం ధరేనన్నారు!

ఆ తర్వాత ప్రభుత్వ దంత కళాశాల ఆసుపత్రికి తీసుకెళ్లాం. దాన్ని పయోజెనిక్ గ్రాన్యులోమా అంటారట. గర్భిణుల్లో హార్మోన్లు పెరిగినప్పుడు, గార ఒరిపిడికి చిగురులోని సన్నటి రక్తనాళాలు గుంపుగా పెరిగి ఇలా ఉబ్బుతాయి. ఇది క్యాన్సర్ కాదు, క్యాన్సర్‌గా మారదు కూడా. ప్రసవం తర్వాత చాలామందిలో తనంతట తానే కుంచించుకుపోతుంది. రక్తం ఆగకపోయినా, తినడానికి అడ్డమైనా అప్పుడు తీస్తారు. గార వదిలేసి బుడిపె మాత్రం కోస్తే తిరిగి వచ్చే అవకాశం ఎక్కువ. చూడటానికి ఇలాగే ఉండే వేరే గడ్డలూ ఉంటాయి కనుక, తీసిన ముక్కను పరీక్షకు పంపాల్సిందే. వాళ్లు గార తీసి, మెత్తటి బ్రష్ వాడమన్నారు. కాన్పయ్యాక బుడిపె చాలావరకు తగ్గింది. మిగిలిన కాస్త తీసి ల్యాబుకు పంపారు.

నోట్లో వచ్చే ఎర్రటి, నీలపు బుడిపెలన్నీ ఇదే కాదు. పెదవి లోపల నీలంగా ఉండి, నొక్కితే పాలిపోయి, వదలగానే నిండేది సిరల గడ్డ కావచ్చు. రక్త ప్రవాహాన్ని చూపే డాప్లర్ స్కాన్ లేకుండా దాన్ని కోయనివ్వకండి, రక్తం కట్టడి కాకపోవచ్చు. ఇలాంటి సిరల గడ్డల్లో చాలావాటిని ఇంజెక్షన్‌తో కుదించవచ్చు. పసిపిల్లల్లో కొన్ని వారాల వయసులో పెరిగే హెమాంజియోమా (రక్తనాళాల గడ్డ) చాలావరకు వయసుతో తగ్గుతుంది. మందు అవసరమైతే ప్రొప్రనొలాల్ ఉంది, అదీ వైద్యుల పర్యవేక్షణలోనే.

మా డబ్బు తిరిగి రాలేదు. బిల్లులో ‘లేజర్ ప్యాకేజీ’ అని ఒకే ముక్క రాసి ఉంది. మీరు కట్టే ముందు గార తీయడం, ముక్కను ల్యాబుకు పంపడం బిల్లులో విడివిడిగా రాయించుకోండి. వాళ్లు అలా రాయబోమంటే అక్కడి నుంచి లేచి వచ్చేయండి.