పెడాట్ పొర మీద ఏది మేలు: సీ-ఏఎఫ్‌ఎమ్మా, కెల్విన్ ప్రోబా?

పెడాట్-పీఎస్ఎస్ (కరెంటు మోసే పాలిమర్ మిశ్రమం) ద్రావణాన్ని గాజు మీద స్పిన్ కోటింగ్ చేసి, అంటే గాజుని గిర్రున తిప్పి పలచగా పరిచి, హాట్‌ప్లేట్ మీద ఆరబెడితే లేత నీలిరంగు పొర వస్తుంది. కంటికి నున్నగా ఉంటుంది. నాలుగు మొనల ప్రోబ్ ఆనిస్తే పొర కరెంటుని ఎంత బాగా మోస్తుందో ఒక్క అంకె చెబుతుంది, మొత్తం పొరకి సగటు. లోపల సంగతి వేరు. కరెంటు మోసే పెడాట్ గింజలు కొన్ని పదుల నానోమీటర్ల సైజులో ఉంటాయి, వాటి చుట్టూ కరెంటుని పోనివ్వని పీఎస్ఎస్ తొడుగు ఉంటుంది. ఆరేటప్పుడు ఆ పీఎస్ఎస్ పైకి చేరి పాల మీద మీగడలా పలచగా కడుతుంది. గింజల్నీ మీగడనీ చూడాలంటే ఏఎఫ్‌ఎం (సన్నటి సూదితో ఉపరితలాన్ని తడిమి చదివే మైక్రోస్కోపు) దగ్గరికి వెళ్ళాలి. వెళ్ళాక ఏ మోడ్ అన్నదే పేచీ.

సీ-ఏఎఫ్‌ఎంలో లోహపు పూత పూసిన సూదిని పొరకి ఆనించి, కొద్దిగా వోల్టేజీ ఇచ్చి, ఒక్కో చుక్క దగ్గర ఎంత కరెంటు దిగుతుందో కొలుస్తాం. పికోఆంపియర్లు కూడా పట్టుకుంటుంది. మామూలు పెడాట్ పొర మీద వచ్చే మ్యాప్ నల్లటి నేల మీద తెల్ల నువ్వులు అక్కడక్కడా చల్లినట్టుంటుంది. అదే పొరకి ఇథిలీన్ గ్లైకాలో డీఎంఎస్ఓనో (రెండూ ద్రావణులే) పట్టిస్తే నువ్వులు ఒత్తుగా కనిపిస్తాయి. గింజల స్థాయిలో ఇంత వివరం ఇంకో మోడ్‌లో దొరకదు. కొత్తవాళ్ళు దీన్నే కోరుకోవడం సహజం.

నేనూ అదే చేశాను. ఒక మైక్రాన్ చదరాన్ని రెండుసార్లు స్కాన్ చేస్తే రెండోసారి కరెంటు సగానికి పడిపోయింది. అది పొర గుణమేనని నోట్‌బుక్‌లో రాసేసుకున్నాను. మా సీనియర్ అక్క వచ్చి స్కాన్ సైజు అయిదు మైక్రాన్లకి పెంచమంది. మధ్యలో సరిగ్గా ఒక మైక్రాన్ చదరపు గుంట, రెండు పక్కలా గట్టులా పోగైన పాలిమర్. "ఇప్పుడు బంగారం మీద పెట్టి చూడు," అంది. బంగారం మీద కూడా కరెంటు రాలేదు. సూది మొనకి పాలిమర్ అంటుకుపోయింది. రెండు రోజులుగా నేను కొలుస్తున్నది పొరని కాదు, మురికిపట్టిన మొనని.

కెల్విన్ ప్రోబ్ పొరని గీకదు. మూలం కెల్విన్ ప్రభువు 1898లో లోహపు పలకలతో వివరించిన పద్ధతే. ఏఎఫ్‌ఎం సూదికి అది 1991లో వచ్చింది. సాధారణంగా సూది ముందు ఎత్తుపల్లాలు చదివి, తర్వాత కొన్ని పదుల నానోమీటర్లు పైకి లేచి అదే దారిలో మళ్ళీ వెళ్తుంది. సూదికీ పొరకీ మధ్య విద్యుత్ లాగుడు సున్నా అయ్యేదాకా వోల్టేజీ సర్దుతుంది, తక్కెడ ముల్లు నిలబడేదాకా రాళ్ళు వేసినట్టు. ఆ వోల్టేజీ నుంచి సూదికీ పొరకీ వర్క్ ఫంక్షన్ (ఎలక్ట్రాన్‌ని బయటికి లాగడానికి కావలసిన శక్తి) తేడా తెలుస్తుంది. పీఎస్ఎస్ మీగడ మందంగా ఉన్న పొరకి వర్క్ ఫంక్షన్ సాధారణంగా ఎక్కువ వస్తుంది. పై పొరలోకి చార్జి సాఫీగా దాటుతుందా లేదా అన్నది సోలార్ సెల్ చేసేవాళ్ళకి ముఖ్యం, దానికి ఇదే సూటైన కొలత.

లోటు లేకపోలేదు. సూది మొనతో పాటు దాని పక్కలూ, సూదిని మోసే సన్నటి పట్టీ (కాంటిలివర్) కూడా లాగుడుని పసిగడతాయి కాబట్టి బొమ్మ అలుక్కుపోతుంది. పక్కపక్కనున్న రెండు గింజల్ని విడదీసి చెప్పమంటే చాలాసార్లు చేతులెత్తేస్తుంది. తేమ ఇంకో తలనొప్పి. పీఎస్ఎస్ నీళ్ళు పీల్చుకునే రకం. విశాఖలాంటి ఊళ్ళో వానాకాలంలో నైట్రోజన్ పారించకుండా తీసిన అంకెని నేను నమ్మను. తేమ సీ-ఏఎఫ్‌ఎంనీ వదలదనుకోండి.

ఎస్‌టీఎం (సూదికీ ఉపరితలానికీ మధ్య దూకే సన్నటి కరెంటుతో నడిచే మైక్రోస్కోపు) సంగతి ఒక్క మాటలో: వద్దు. కరెంటు కోసం వెతుకుతూ సూది పీఎస్ఎస్‌లోకి దిగబడిపోతుంది.

నా ఓటు ముందు కెల్విన్ ప్రోబ్‌కే. అది తీశాక కూడా పొర చెక్కుచెదరకుండా ఉంటుంది, సీ-ఏఎఫ్‌ఎం తర్వాత ఉంటుందన్న హామీ లేదు. ఆ తర్వాత, కరెంటు ఏ గింజల గుండా నిలువుగా దిగుతోందన్నదే ప్రశ్నయితే, సీ-ఏఎఫ్‌ఎంకి వెళ్ళండి, వేరే చోట, వీలైతే సూదిని ఈడ్వకుండా చుక్క చుక్కకీ ఎత్తి దించే మోడ్‌లో. పారదర్శక ఎలక్ట్రోడ్ చేస్తుంటే మాత్రం ఆ మ్యాప్ చూసి మురిసిపోకండి: అక్కడ కరెంటు నడిచేది అడ్డంగా, సూది కొలిచేది ముఖ్యంగా నిలువు దారిని. ఏది చేసినా మొదలుపెట్టే ముందోసారి, అయ్యాక ఇంకోసారి సూదిని బంగారం మీద పెట్టి చూడండి.