నేలకూ నీటికీ పన్ను డబ్బు: ఫ్లోరిడా దారి మేలా, మిన్నెసోటాదా, మిస్సోరీదా?

నేలనూ నీళ్లనూ కాపాడటానికి సర్కారు డబ్బు రాబట్టాలంటే అమెరికాలో పాత దారి ఒకటుంది. ఏటా బడ్జెట్ వేళకు చట్టసభ చుట్టూ కాళ్లరిగేలా తిరగడం. దాంతో ఒరిగేదెంతో కేంద్రంలో చూశాం. 1965లో మొదలైన కేంద్ర నేల, నీటి సంరక్షణ నిధికి, సముద్రంలో తీసే చమురు, గ్యాస్ రాయల్టీల నుంచి ఏడాదికి 90 కోట్ల డాలర్ల దాకా ఇవ్వొచ్చు. కానీ 2020లో చట్టం మార్చి, ఇచ్చి తీరాలనే వరకూ పూర్తి సొమ్ము ముట్టింది రెండేసార్లు. ఈ తిరుగుడు పడలేకే కొన్ని రాష్ట్రాల జనం ఆ కేటాయింపును ఏకంగా రాష్ట్ర రాజ్యాంగంలోనే రాయించారు.

వినడానికి ఫ్లోరిడా పద్ధతే బాగుంటుంది. కొత్త పన్ను లేదు. ఇల్లో స్థలమో చేతులు మారినప్పుడు కట్టే స్టాంపు పన్నులో, ఖర్చులు పోను మూడో వంతు 20 ఏళ్లపాటు సంరక్షణకు పోవాలి. సంతకాలు సేకరించి ఈ రాజ్యాంగ సవరణను 2014లో బ్యాలట్ మీదికి తెస్తే 75 శాతం మంది సరేనన్నారు. జేబులోంచి పైసా పోనప్పుడు కాదనేదెవరు! అసలు గొడవ ఆ తర్వాతే. సవరణలో భూములు కొనడంతో పాటు బాగుచేయడం, నిర్వహించడం అనే మాటలూ ఉన్నాయి. వాటిని పట్టుకుని చట్టసభ, ముందునుంచీ నడుస్తున్న శాఖల ఖర్చులకూ ఆ డబ్బే సర్దింది. ఉద్యమకారులు 2015లో కోర్టుకెక్కారు. 2018లో కింది కోర్టు వాళ్ల పక్షాన తీర్పిస్తే, 2019లో అప్పీలు కోర్టు దాన్ని కొట్టేసింది. పైగా ఇళ్ల అమ్మకాలు పడిపోతే నిధీ పడిపోతుంది.

మిన్నెసోటా ఈ చిల్లు ముందే పూడ్చుకుంది. కొత్త డబ్బు పాత కేటాయింపులకు అదనంగానే ఉండాలి, వాటి బదులు వాడకూడదని 2008 సవరణలోనే రాసుకుంది. అక్కడ సంతకాలతో సవరణ తెచ్చే వీల్లేదు, చట్టసభే బ్యాలట్‌కు పంపాలి. అందుకే ఏళ్ల తరబడి ఒత్తిడి తేవాల్సి వచ్చింది. 2005లో బాతుల వేటగాళ్లు వేల సంఖ్యలో రాజధానికి తరలివచ్చారు. చివరికి కళాకారుల్నీ కలుపుకున్నాక పని జరిగింది. వేటగాళ్లూ నాటకాల వాళ్లూ ఒక్కటైతే ఎమ్మెల్యేలకు తప్పించుకునే దారేదీ? అమ్మకపు పన్ను శాతంలో ఎనిమిదింట మూడు వంతులు పెరిగింది, అంటే వంద డాలర్ల కొనుగోలుకు 37.5 సెంట్లు. అందులో 33 శాతం శుభ్రమైన నీటికి, 33 శాతం అడవులు, చిత్తడి నేలల వంటివాటికి, 19.75 శాతం కళలకు, మిగతాది పార్కులకు. అడవులు, చిత్తడి నేలల వాటా ఎక్కడ ఖర్చుపెట్టాలో సిఫారసు చేసే 12 మంది మండలిలో 8 మంది మామూలు పౌరులే.

అయినా నా మొగ్గు మిస్సోరీ వైపే. అక్కడ 1984 నుంచి శాతంలో పదో వంతు అమ్మకపు పన్ను: వంద డాలర్లకు పది సెంట్లు. సగం రాష్ట్ర పార్కులకు, సగం నేల, నీటి సంరక్షణకు. 1982 నాటికి మిస్సోరీ పొలాల్లో ఎకరాకు ఏటా దాదాపు 11 టన్నుల మట్టి కొట్టుకుపోయేది. వాలు పొలంలో మెట్టుగట్లు వేయించుకునే రైతుకు ఖర్చులో కొంత ఈ నిధే భరిస్తుంది. రైతు చేతి డబ్బూ పడుతుంది కాబట్టి కాగితాల మీద గట్లు లేవవు. అన్నిటికంటే నాకు నచ్చింది, ఈ పన్ను పదేళ్లకోసారి మళ్లీ ఓటుకు రావడం. డబ్బు ఏం చేశారో చూపించకపోతే ఊడిపోతుందన్న టెన్షన్ అధికారులకు ఉంటుంది. 2016లో దాదాపు 80 శాతం మంది కొనసాగించమన్నారు.

లోపం లేకపోలేదు. మిన్నెసోటాలో కిరాణాకూ బట్టలకూ ఈ పన్ను లేదు. మిస్సోరీలో బియ్యం బస్తా మీదా పడుతుంది, వందకు పది సెంట్లే అయినా పేదవాడికి అదీ లెక్కే. మిన్నెసోటాలోని ఆ ‘అదనంగానే’ మాటనూ, కిరాణా మినహాయింపునూ మిస్సోరీ పద్ధతికి కలిపి అడిగే రాష్ట్రం ఉంటే నేను సంతకం పెడతాను.

మిన్నెసోటా పన్నుకు గడువు 2034. పొడిగించాలంటే మళ్లీ రాజ్యాంగ సవరణ ఓటే. అక్కడ పౌరసత్వం తీసుకున్న తెలుగువాళ్లు తక్కువేం లేరు. ఒక్క సంగతి చూసుకోవాలి: అధ్యక్షుడికో గవర్నరుకో ఓటేసి, సవరణ దగ్గర గడి ఖాళీగా వదిలేస్తే దాన్ని వద్దన్నట్టే లెక్కేస్తారు.