జాగ్రత్త! హంతకుడు దొరకని మిస్టరీ నవలల సెట్ అమ్ముతున్నారు

కోజీ మిస్టరీలు చదివే అలవాటున్నవాళ్లకి ఈ పోస్టు. "పది పుస్తకాల కాంబో, చిన్న ఊరు, తియ్యటి ప్రేమ, తేలికపాటి హత్య, అన్నీ ఒరిజినల్, ₹1,299 మాత్రమే" అని సోషల్ మీడియాలో ఒక ప్రకటన తెగ తిరుగుతోంది చూశారా, దాని జోలికి వెళ్లకండి. ఆల్రెడీ మెసేజ్ పెట్టి రేటు అడిగేసినవాళ్లు డబ్బు పంపే ముందు ఇది చివరిదాకా చదవండి, ఎందుకంటే ఆ సెట్‌లో పుస్తకాలకి చివర అనేది లేదు.

ఈ రకం నవలలు తెలియనివాళ్లకి నాలుగు ముక్కలు. హత్య జరుగుతుంది కానీ రక్తం కనపడదు, బూతులుండవు, భయపడి లైటు వేసుకుని పడుకోవాల్సిన పని లేదు. ఊరు చిన్నది, అందరికీ అందరూ తెలుసు, అందరికీ అందరి మీదా ఏదో ఒక కోపం ఉంటుంది. కేసు తేల్చేది పోలీసులు కాదు, బేకరీ నడిపే అమ్మాయో, లైబ్రరీలో పనిచేసే ఆవిడో, ఊరి సంగతులన్నీ కిటికీలోంచి గమనించే పెద్దావిడో. అగాథా క్రిస్టీ రాయగా 1930లో మొదటిసారి నవలకెక్కిన మిస్ మార్పుల్, అదే సెయింట్ మేరీ మీడ్ అనే పల్లెటూరి పెద్దావిడ, వీళ్లందరికీ పెద్దదిక్కు లాంటిది. తర్వాత వచ్చినవాటిలో ఒక పోలీసాయన కూడా చేరాడు. మొదటి పుస్తకంలో "మీకెందుకండీ ఈ గొడవ" అని విసుక్కుంటాడు, రెండో దాంట్లో కాఫీకి పిలుస్తాడు, ఐదో పుస్తకం అయిపోతున్నా అడగాల్సిన మాట మాత్రం అడగడు. ఒక పిల్లి తప్పనిసరి. చాలావాటిలో కేకుల రెసిపీలు కూడా ఉంటాయి. ఆఫీసులో తల వాచిపోయిన రోజు రాత్రి చదువుకోవడానికి ఇంతకంటే హాయైనవి ఉంటాయని నేననుకోను.

చిక్కల్లా ధర దగ్గర. వీటిలో అమెరికా నుంచి వచ్చేవి చాలావరకు ఇక్కడ అచ్చు కావు, దిగుమతి చేసుకోవాల్సిందే, చిన్న సైజు పేపర్‌బ్యాక్ ఒక్కటే ఆరేడు వందలు పడుతుంది. పది పుస్తకాలు పదమూడు వందలకంటే ఎవరికైనా నోరూరుతుంది. ఆ ప్రకటన పెట్టినవాళ్లకి మన సంగతి బాగా తెలుసు.

నేనూ ఆగలేక తెప్పించుకున్నాను. పార్సిల్ పైపైన బాగానే ఉంది. కవర్లు తళతళలాడుతున్నాయి. దగ్గరగా చూస్తే కవరు మీద అక్షరాల అంచులు మసకగా ఉన్నాయి, అంటే అసలు పుస్తకాన్ని స్కాన్ చేసి వేసిన ప్రింటు. లోపలి కాగితం ఎంత పల్చన అంటే వెనక పేజీలో అచ్చు ఇటువైపుకి కనిపిస్తోంది. కొన్ని పేజీల్లో వరసలు ఓ పక్కకి ఒరిగిపోయి, ప్రతి వరసలో మొదటి రెండక్షరాలు బైండింగ్ లోపలికి వెళ్లిపోయాయి. పుస్తకం రెండు చేతుల్తో విరగదీసి పట్టుకుని చదవాలి, అలా పట్టుకుంటే జిగురు ఊడి పేజీలు ఒళ్లో పడతాయి.

ఇవన్నీ సర్దుకోవచ్చు. సర్దుకోలేనిది ఇంకోటుంది. ఒక నవలలో 224వ పేజీ తర్వాత 241. సరిగ్గా హీరోయిన్ టీ పార్టీ పెట్టి, ఊళ్లో అనుమానితులందర్నీ కూర్చోబెట్టి, "మీలో ఒకరు ఆ రోజు చర్చి వెనక గేటు దగ్గర ఉన్నారు" అన్నాక. పేజీ తిప్పితే పోలీసాయన ఆమె చెయ్యి పట్టుకుని నది ఒడ్డున నడుస్తున్నాడు, ఇద్దరూ తెగ సంతోషంగా ఉన్నారు, హంతకుడు ఎవరో వాళ్లిద్దరికీ తెలుసు, మనకి తెలీదు. ఇంకో పుస్తకంలో 97 నుంచి 112 దాకా రెండుసార్లు ఉంది, ఆ తర్వాత పదహారు పేజీలు గల్లంతు. మూడో దాంట్లో ఆఖరి అధ్యాయం ఊసే లేదు, రెసిపీలు కూడా ఎగిరిపోయాయి.

ఎప్పుడూ పదహారే ఎందుకంటే, పుస్తకాన్ని పేజీ పేజీగా అచ్చెయ్యరు. పెద్ద షీటు మీద పదహారు పేజీలు ఒకేసారి వేసి మడతపెడతారు, ప్రెస్సువాళ్లు దాన్నే ఫారం అంటారు. ఫారాలన్నీ వరసగా పేర్చి కుడతారు లేదా జిగురుతో అంటిస్తారు. మంచి ప్రెస్సులో ఈ వరస సరిచూడటానికే ఒక మనిషి ఉంటాడు. రాత్రికి రాత్రి దొంగచాటుగా అచ్చేసే చోట ఎవరుంటారు? ఒక ఫారం జారిపోతే పదహారు పేజీలు పోయినట్టే. ప్రేమకథ అయితే ఆ పదహారు పేజీల్లో ఏం జరిగిందో ఊహించుకోవచ్చు, అలిగి ఉంటారు, మళ్లీ కలిసి ఉంటారు. మిస్టరీలో అలా కుదరదు. ఈ నవలల అందమే పాఠకుడితో పెట్టుకునే ఒప్పందం, ఆధారాలన్నీ మన కళ్లముందే ఉంచుతారు, పట్టుకోగలిగితే పట్టుకో అంటారు. ఆధారమున్న ఫారమే లేకపోతే ఇంకేం పట్టుకుంటాం. అద్దె లైబ్రరీల రోజుల్లో ఎవడో ఒక పుణ్యాత్ముడు మొదటి పేజీ మీదే పెన్నుతో "చంపింది డాక్టరే" అని రాసిపెట్టేవాడు, అందరం తిట్టుకునేవాళ్లం. ఆ పుణ్యాత్ముడు ఈ సెట్ చదివి ఉంటే ఎంత బాగుండేది!

పదింట్లో మూడు పుస్తకాలు ఇంకో రకం మోసం. రచయిత పేరు ఎక్కడ వెతికినా దొరకదు, ప్రచురణకర్త చిరునామా లేదు, ముద్రణ సంవత్సరం లేదు. హీరోయిన్ మొదటి అధ్యాయంలో ఎమిలీ, నాలుగో అధ్యాయానికి ఎమ్మా. పిల్లి మొదట నారింజ రంగు, తర్వాత నల్లది, ఒక చోట ఏకంగా కుక్క. ప్రతి అధ్యాయం చివరా హీరోయిన్ "లోతుగా ఊపిరి పీల్చుకుని" ఒక నిర్ణయానికొస్తుంది, ఆ నిర్ణయం ఏంటో తర్వాతి అధ్యాయానికి గుర్తుండదు. చివర్లో హంతకుడిగా తేలినవాడి పేరు అంతకుముందు ఎక్కడైనా వచ్చిందేమోనని మొదటి నుంచీ మళ్లీ తిరగేశాం నేనూ మా చెల్లీ, ఎక్కడా లేదు. రోనాల్డ్ నాక్స్ అనే ఇంగ్లీషు ఫాదరీ, ఆయనే డిటెక్టివ్ కథలు రాసేవాడు, 1929లో ఈ కథలకి పది నియమాలు పెట్టాడు. అందులో మొదటిదే నేరస్థుడు కథ మొదట్లోనే కనిపించాలని. ఇది మనిషి రాసిందో మిషన్‌తో రాయించిందో నేను నిరూపించలేను కానీ, రాసినవాళ్లు తిరిగి ఒక్కసారి కూడా చదవలేదని మాత్రం కోర్టులో అయినా చెప్తాను. ఈ మూడింటి వెనకా ఉన్న బార్‌కోడ్ ఒకటే. ఫోన్‌తో స్కాన్ చేస్తే షుగర్ పేషంట్ల వంటల పుస్తకం వచ్చింది.

ఇంకో చిత్రం చెప్పాలి, ఇది ఈ సెట్‌లోనే కాదు, ఎక్కడ కొన్నా చూసుకోవాల్సిన సంగతి. అగాథా క్రిస్టీ నవలలు కొన్ని ఇంగ్లండ్‌లో ఒక పేరుతో, అమెరికాలో ఇంకో పేరుతో వచ్చాయి. 1957 నాటి రైలు నవల '4.50 ఫ్రమ్ పాడింగ్టన్' అమెరికాలో 'వాట్ మిసెస్ మెక్‌గిలికడ్డీ సా' అయింది. మిస్ మార్పుల్ కథల సంపుటి 'ది థర్టీన్ ప్రాబ్లెమ్స్' అక్కడ 'ది ట్యూస్‌డే క్లబ్ మర్డర్స్'. ఆ రైలు నవలే ఈ సెట్‌లో రెండు పేర్లతో రెండుసార్లు ఉంది. అంటే పది కాదు, తొమ్మిదే. కవర్లు వేరు కాబట్టి ఫోటోలో చూస్తే ఎవరికీ అనుమానం రాదు.

సిరీస్ అని చెప్పి అమ్మేవాటిలో వరస కూడా చూసుకోండి. హత్య ఏ పుస్తకంలోది ఆ పుస్తకంలోనే తేలిపోతుంది కానీ ప్రేమ వ్యవహారం అలా కాదు, సీరియల్లా సాగుతుంది. మిన్నెసోటాలో లేక్ ఈడెన్ అనే కల్పిత ఊళ్లో కుకీల షాపు నడిపే హన్నా సిరీస్ 2000లో మొదలైంది, ఇరవై ఐదుకి పైగా నవలలొచ్చాయి, అందులో ఒక డెంటిస్టూ ఒక పోలీసు డిటెక్టివూ మధ్య ఆ అమ్మాయి ఎటూ తేల్చుకోలేక పాఠకుల్ని ఏళ్ల తరబడి వేపుకు తింది. (నా ఓటు డెంటిస్టుకే.) అలాంటిది ఒకటీ నాలుగూ పదకొండూ ఇచ్చి సిరీస్ అంటే ఎలా? మొన్నటిదాకా పలకరించుకోనివాళ్లు హఠాత్తుగా పెళ్లి పనుల్లో ఉంటారు.

ఇక అమ్మినవాళ్లతో నా సంభాషణ. పేజీలు లేవని ఫోటోలు పెడితే "ప్రింటింగ్ డిఫెక్ట్ కామన్ మేడమ్" అన్నారు. ఒక పుస్తకంలో అయితే కామన్, ఐదింట్లోనా అంటే "ఎండింగ్ నెట్‌లో ఉంటుంది మేడమ్, చూసుకోండి" అన్నారు. డబ్బు వెనక్కివ్వమంటే పార్సిల్ విప్పుతున్న వీడియో కావాలన్నారు. ఆ వీడియో మా చెల్లి తీసి ఉంచింది, పంపాను. అది చూశాక అతను చేసిన పని, మిగిలిన ఒకే ఒక్క మంచి కాపీలో, నేనింకా సగంలో ఉన్న నవలలో, హంతకుడు ఎవరో మెసేజ్ చేసి నన్ను బ్లాక్ చేశాడు. ఇంత కసి ఉన్నవాడు పుస్తకాల వ్యాపారంలో ఎందుకున్నాడో!

ఆ అమ్మేవాళ్ల సోషల్ మీడియా పేజీ పేరు ఎందుకు రాయలేదంటే, రాసినా ఉపయోగం లేదు, పేరు మారుస్తూనే ఉన్నారు. గుర్తుపట్టడానికి వేరే దారి ఉంది. కామెంట్లలో "హ్యాపీ కస్టమర్" ఫోటోలు చూడండి. వేరే వేరే ఊళ్లవాళ్లని రాస్తారు, కానీ అన్ని ఫోటోల్లోనూ పుస్తకాల వెనక అదే ఆకుపచ్చ పూల కర్టెన్, అదే విరిగిన కిటికీ బోల్టు. ఇన్నాళ్లు ఈ నవలలు చదివినందుకు ఆ మాత్రం పనికొచ్చింది.

ఎక్కడ కొన్నా సరే, డబ్బు కట్టకముందే వెనక అట్టతో పాటు లోపల కాపీరైట్ పేజీ ఫోటో కూడా అడగండి. అందులో ప్రచురణకర్త, సంవత్సరం, ఐఎస్‌బీఎన్ (పుస్తకం గుర్తింపు నంబరు) ఉండాలి. ఐఎస్‌బీఎన్ పదమూడు అంకెలు, పుస్తకాలకి మామూలుగా 978తో మొదలవుతుంది, ఆ నంబరు నెట్‌లో కొడితే అదే పుస్తకం రావాలి. తక్కువ ధర ఉన్నవన్నీ దొంగవి కావు, "భారత ఉపఖండంలో మాత్రమే అమ్మకానికి" అని ముద్రించిన చవక ఎడిషన్లు నిఖార్సైనవే, వాటికి ప్రచురణకర్త పేరుంటుంది. ఆఖరి పేజీ ఫోటో కూడా అడగండి, కానీ కళ్లు మూసుకుని పేజీ నంబరు మాత్రమే చూడండి, ఎలా చూస్తారో మీ ఇష్టం.

డబ్బు పోగొట్టుకున్నవాళ్లు ఊరుకోవద్దు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఆన్‌లైన్‌లో అమ్మే సంస్థ తన అసలు పేరు, చిరునామా చూపించాలి, ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్లొచ్చు, ఐదు లక్షల లోపు వాటికి ఫీజు లేదు. డబ్బు తీసుకుని అసలు పార్సిలే పంపనివాళ్ల మీద అయితే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి వెంటనే ఫోన్ చెయ్యండి. పైరసీ అచ్చు వేరే నేరం, కాపీరైట్ చట్టం కింద ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు ఉంది.

చవగ్గా చదవాలంటే దారులున్నాయి. హైదరాబాద్‌లో ఉంటే ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్, పుస్తకం చేత్తో పట్టుకుని పేజీలు తిప్పి చూసుకోవచ్చు, బేరం ఆడొచ్చు. విజయవాడవాళ్లకి జనవరిలో పుస్తక ప్రదర్శన. కిలోల లెక్కన అమ్మే సేల్స్‌లో ఈ అమెరికన్ చిన్న సైజు నవలలు బోలెడు దొరుకుతాయి, ఎవరో చదివేసినవి, కాస్త నలిగి ఉంటాయి, కానీ హంతకుడు ఉంటాడు.

నా ఫిర్యాదు నంబరు వచ్చింది, ఏమవుతుందో కింద రాస్తాను. ఆ 225వ పేజీ సంగతి మీలో ఎవరికైనా తెలిసినా దయచేసి చెప్పకండి, అసలు కాపీ ఆర్డర్ పెట్టేశాను, శనివారం వస్తుంది. హంతకుడు పోస్ట్‌మాస్టరే అని మా చెల్లి అంటోంది, నేను ఆ తీపి మాటల చర్చి ఫాదర్ మీద వంద రూపాయలు పందెం కాశాను.