టైగర్ మాత్: ఆ ‘టక్’ని నేను ఎంతవరకు నమ్ముతాను

పాత బ్రిటిష్ శిక్షణ విమానం టైగర్ మాత్ గురించి ఎవరు రాసినా రెండు జతల రెక్కలు, గుడ్డ తొడుగు, తోక స్కిడ్ (తోక కింద చక్రం బదులు నేలని రాసుకునే కడ్డీ), ముఖానికి కొట్టే గాలి, వీటితోనే మొదలుపెడతారు. అవన్నీ తెలిసినవే కాబట్టి వదిలేస్తున్నాను. ఇన్నేళ్లు శిక్షణలో వాడాక ఈ విమానంలో నాకు బాగా నచ్చింది జిప్సీ మేజర్ ఇంజన్‌కున్న ఇంపల్స్ కప్లింగ్. ప్లగ్‌లకి స్పార్క్ పుట్టించే యంత్రం మాగ్నెటో. ఇంజన్‌కి అవి రెండుంటాయి. వాటిలో ఒకదాని మొదట్లో కూర్చునే గుప్పెడంత వస్తువది. స్టార్టర్ మోటారు లేని 130 హార్స్‌పవర్ ఇంజన్‌ని మనిషి చెయ్యి లేపగలుగుతోందంటే ఆ పుణ్యం దానిదే.

చేత్తో తిప్పే వేగానికి మామూలు మాగ్నెటో సరైన స్పార్క్ ఇవ్వదు. ఇచ్చినా అది ముందుగా పడితే ప్రొపెల్లర్ వెనక్కి తంతుంది, చెయ్యి విరుగుతుంది. ఈ రెండు చిక్కులనీ కప్లింగ్ ఒక్క స్ప్రింగ్‌తో తీరుస్తుంది. ఇంజన్ నిదానంగా తిరిగేటప్పుడు ఒక చిన్న కొక్కెం పిన్నుకి తగులుకుని మాగ్నెటోని నిలబెట్టేస్తుంది. ఇంజన్ కదిలేకొద్దీ స్ప్రింగ్ బిగుస్తుంది. పిస్టన్ చివరికి చేరే వేళకి కొక్కెం జారి, మాగ్నెటో ఒక్క ఉదుటున గిర్రున తిరుగుతుంది. అప్పుడు వినబడేదే ‘టక్’. ఇంజన్ అందుకున్నాక కొక్కేలు విసురుకి బయటికి పోతాయి, మళ్లీ అడ్డు రావు.

చల్లటి ఇంజన్‌ని లేపే వరస ఇది. బ్రేకులు లేవు కాబట్టి చక్రాలకి చోక్స్ (కదలకుండా అడ్డుపెట్టే దిమ్మలు) తప్పనిసరి. కాక్‌పిట్‌లో ఒకరు స్టిక్ (విమానాన్ని నడిపే కర్ర) వెనక్కి లాగి పట్టుకుని కూర్చోవాలి. స్విచ్‌లు ఆఫ్, ఫ్యూయల్ ఆన్, థ్రాటిల్ (ఇంజన్ వేగాన్ని పెంచే, తగ్గించే మీట) మూసి ఉంచాలి. కార్బురేటర్‌లోకి పెట్రోలు నింపే చిన్న బొత్తాం టిక్లర్‌ని పెట్రోలు కారేదాకా నొక్కాలి. ప్రొపెల్లర్ బ్లేడుని నాలుగుసార్లు నిదానంగా లాగుతూ ఒక్కో బ్లేడుకి ఒక టక్ లెక్కపెట్టుకోవాలి. మధ్యలో ఎక్కడైనా ప్రొపెల్లర్ గట్టిగా అడ్డుకుంటే బలవంతం చేయొద్దు. తలకిందుల సిలిండర్లలోకి నూనె దిగి ఉంటుంది. అప్పుడు వెనక్కి తిప్పినా ఆ నూనె ఇన్‌టేక్ గొట్టంలోకి పోయి మళ్లీ లోపలికే వస్తుంది. ప్లగ్‌లు విప్పి బయటికి తీయాల్సిందే. అంతా సాఫీగా ఉంటే థ్రాటిల్ అర అంగుళం తెరిచి, ‘కాంటాక్ట్’ (స్విచ్‌లు ఆన్ అని పిలుపు) అని, ఒక్క విసురు.

టక్ వినబడలేదంటే చలికి పాత నూనె బంకలా మారి కొక్కేన్ని పట్టేసిందని అర్థం. కడిగి పలచటి నూనె వేస్తే సరిపోతుంది. స్ప్రింగ్ విరిగితే తెలిసే తీరు వేరు. ఇంజన్ నడుస్తుంది గానీ ఆ మాగ్నెటో టైమింగ్ వెనకబడి, దాని మీద ఒక్కదాని మీదే నడిపినప్పుడు ఆర్‌పీఎం బాగా పడిపోతుంది.

మమ్మల్ని వారాల తరబడి ఏడిపించింది మాత్రం ఈ రెండూ కావు. పొద్దున మొదటి విసురుకే లేచే ఇంజన్, 40 నిమిషాలు ఎగిరి దిగాక లేవడం మానేసింది. ఆపిన రెండు నిమిషాల్లో తిప్పితే లేచేది. పావుగంట ఆగితే ససేమిరా అనేది. పూర్తిగా చల్లారితే మళ్లీ మామూలే. అందరం పెట్రోలు ఎక్కువైందనుకున్నాం. స్విచ్‌లు ఆఫ్ చేసి, థ్రాటిల్ పూర్తిగా తెరిచి, ప్రొపెల్లర్‌ని ఎనిమిది బ్లేడ్ల మేర వెనక్కి తిప్పి సిలిండర్లు ఊదించాం. కార్బురేటర్‌లో పెట్రోలు మట్టాన్ని ఆపే ఫ్లోట్ నీడిల్ మార్చాం, ప్లగ్‌లు మార్చాం, మాగ్నెటో లోపలి కాంటాక్ట్‌ల మధ్య సందు 0.012 అంగుళాలకి సరిచేశాం. ఏదీ పనిచేయలేదు. అంతసేపూ టక్ మాత్రం శుభ్రంగా వినబడుతూనే ఉంది. మమ్మల్ని దారి తప్పించింది అదే. టక్ అంటే స్ప్రింగ్ పనిచేస్తోందని మాత్రమే. స్పార్క్ పడుతోందని కాదు.

దారి దొరికింది ఇంజన్ ఆపే ముందు చేసిన పరీక్షలో. ఎగరబోయే ముందు 1600 ఆర్‌పీఎం దగ్గర ఒక్కో మాగ్నెటో ఆపి చూస్తే ఆర్‌పీఎం తగ్గుదల 100 లోపే ఉండేది. దిగాక అదే పరీక్ష చేస్తే, ఇంపల్స్ ఉన్న మాగ్నెటో మీద ఇంజన్ దగ్గుతూ 150 పడింది. మాగ్నెటో లోపల స్పార్క్ కోసం కరెంటు పుట్టించే తీగచుట్ట, అంటే కాయిల్‌కి పాతకాలపు లక్క వార్నిష్ ఇన్సులేషన్. వేడికి అది కరెంటుని పట్టి ఉంచలేకపోతోంది. ఇంజన్ ఆపాక చల్లబరిచే గాలి ఉండదు కాబట్టి, తొలి పావుగంటలో మాగ్నెటో ఇంకా వేడెక్కుతుంది. రెండో మాగ్నెటో నిక్షేపంగా ఉంది గానీ దానికి ఇంపల్స్ లేదు. అందుకే గాల్లో ఏ లోటూ కనబడలేదు, నేల మీద లేవడమే కష్టమైంది. కాయిల్‌ని ఇపాక్సీతో మళ్లీ చుట్టించి, కండెన్సర్ కొత్తది వేయించాక ఇబ్బంది పోయింది.

బ్యాటరీ, మోటారు లేవు కాబట్టి చెడిపోయేదీ లేదని మొదట్లో చెప్పేవాణ్ణి. ఇప్పుడు అంత గట్టిగా చెప్పను. ఇంజన్ లేవడమంతా ఒకే ఒక్క కాయిల్ మీద ఆధారపడి ఉంది. గాల్లో థ్రాటిల్ మూసి స్టాల్ టర్న్ (నిటారుగా ఎక్కి, వేగం తగ్గాక పక్కకి తిరిగి దిగే విన్యాసం) చేసేటప్పుడు ప్రొపెల్లర్ ఆగిపోయిందంటే, నిటారుగా డైవ్ చేసి తిప్పడం తప్ప దారి లేదు. అందుకు చాలా ఎత్తు పోతుంది, కాబట్టి ఎత్తు తక్కువ ఉన్నప్పుడు ఆ విన్యాసం నేర్పకూడదు. స్విచ్‌లు కాక్‌పిట్ బయట, ప్రొపెల్లర్ తిప్పేవాళ్లకి కనబడేలా ఉండటం మంచి ఏర్పాటే. కానీ స్విచ్ ఆఫ్ చేసినప్పుడు మాగ్నెటోని ఆపే ఎర్త్ వైరు తెగితే స్విచ్ ఆఫ్‌లో ఉన్నా మాగ్నెటో బతికే ఉంటుంది. ఆపే ముందు ప్రతిసారీ ఐడిల్‌లో (అతి నిదానపు వేగంలో) స్విచ్‌లు ఒక్క క్షణం ఆఫ్ చేసి ఇంజన్ నిజంగా చస్తోందో లేదో చూడాలి. ఎయిలరాన్‌లు (విమానాన్ని పక్కకి వంచే రెక్క చివరి పలకలు) కింది రెక్కలకే ఉండి మందంగా కదులుతాయని, మలుపు కాళ్లతో నడిపే తోక పలక రడ్డర్‌తో మొదలవ్వాలని చాలామంది విసుక్కుంటారు. నాకు అది లోపంగా అనిపించదు, విద్యార్థికి కాళ్లు వాడటం నేర్పేది అదే.

మాది చిన్న చిన్న పాఠాలతో రోజుకి ఐదారుసార్లు వేడి ఇంజన్ లేపే వాడకం. పొద్దున ఒక్కసారి ఎగిరి షెడ్డులో పెట్టేసేవాళ్లకి ఈ బాధ ఎప్పటికీ తెలియకపోవచ్చు. వాళ్లకైతే నిస్సంకోచంగా బాగుందంటాను. శిక్షణకి కొనాలనుకునేవాళ్లు మాత్రం చల్లటి ఇంజన్ లేచిందని సంతోషపడొద్దు. 40 నిమిషాలు ఎగిరి, ఆపి, పావుగంట ఆగి, అప్పుడు తిప్పించి చూడండి.