ఎస్.పి. రోడ్ మేడమీది దుకాణంలో పాత లైనక్స్ ల్యాప్‌టాప్‌కు వైఫై మరమ్మతు

బెంగళూరు ఎస్.పి. రోడ్‌లో, కింద కేబుళ్లూ సీసీటీవీ కెమెరాలూ అమ్మే ఒక ఇరుకు భవనం మొదటి అంతస్తులో ఉన్న ల్యాప్‌టాప్ మరమ్మతు దుకాణం గురించి ఈ సమీక్ష రాస్తున్నాను. బోర్డు మీద ఉన్నది యజమాని సొంత పేరే కావడం వల్లా, మెచ్చుకోలుతో పాటు రెండు ఫిర్యాదులు కూడా చెప్పవలసి ఉండడం వల్లా, ఆ పేరు ఇక్కడ రాయడం లేదు. నెల వ్యవధిలో అక్కడికి రెండుసార్లు వెళ్లాను. రెండుసార్లూ వైఫై పనిమీదే.

ల్యాప్‌టాప్ మా నాన్నగారిది. 2012లో కొన్నది, 4 జీబీ ర్యామ్ ఉన్నది, బ్యాటరీ ఏనాడో చచ్చిపోయి ఎప్పుడూ ఛార్జర్‌కు తగిలించే వాడుకునేది. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది, విండోస్ 11కు కావలసిన అర్హతలు అంత పాత యంత్రానికి లేవు. అందువల్ల దానిలో విండోస్‌కు బదులు, లైనక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్‌లో తేలికైన రకమైన లైనక్స్ మింట్ 22 ఎక్స్‌ఎఫ్‌సీఈ వేశాను. హిందూపురంలో తెలుగు మాస్టారుగా పనిచేసి, రిటైరయ్యాక బనశంకరిలో మా దగ్గర ఉంటున్న ఆయనకు పొద్దున ఈ-పేపరు, మధ్యాహ్నం యూట్యూబ్‌లో అవధానాలు ఉంటే చాలు. ఆ రెంటికీ ఆ యంత్రం తేలికగానే సరిపోయేది. ఒక ఉదయం మాత్రం, వైఫైని హార్డ్‌వేర్ స్విచ్ ఆపివేసిందన్న సందేశం తెర మీద కనిపించింది. ల్యాప్‌టాప్ ముందు అంచున పక్కకు జరిపే చిన్న స్విచ్ ఒకటి ఉంది. అది ఆన్‌లోనే ఉంది. పదిసార్లు అటూ ఇటూ జరిపినా, రీస్టార్ట్ చేసినా ఫలితం లేదు.

ఎస్.పి. రోడ్‌కు చేరేలోపు నేను చేసిన రెండు తెలివితక్కువ పనులు కూడా చెప్పాలి, ఎందుకంటే ఈ దుకాణం విలువ వాటితో పోల్చితేనే తెలుస్తుంది. మొదటిది, ఇంటికి దగ్గరలోని ఒక మరమ్మతు కేంద్రానికి తీసుకెళ్లడం. అక్కడివారు తెర మీద విండోస్ లేదని చూసి ముఖం చిట్లించి, పదినిమిషాలు లోపలికి తీసుకెళ్లి, మదర్‌బోర్డు పోయిందని తేల్చేశారు. రెండవది, 450 రూపాయలు పెట్టి గోరంత యూఎస్‌బీ వైఫై డాంగిల్ కొనడం. పెట్టె మీద లైనక్స్ గుర్తు ఉంది, లోపల మాత్రం విండోస్ డ్రైవర్ (పరికరాన్ని కంప్యూటర్‌తో పనిచేయించే సాఫ్ట్‌వేర్) ఉంది. గుచ్చగానే నెట్‌వర్క్ కార్డుగా కాక సీడీ డ్రైవ్‌గా కనిపించిన ఆ వస్తువును దారిలో పెట్టి, దాని లైనక్స్ డ్రైవర్ మూలాన్ని (సోర్స్ కోడ్‌ను) ఎక్కడినుంచో దించి, కంపైల్ చేసి, అంటే నడిచే రూపానికి మార్చి, పనిచేయిస్తే, లైనక్స్‌కు గుండెకాయ వంటి కెర్నెల్‌కు అప్‌డేట్ వచ్చిన మరునాడే అది మళ్లీ మూగబోయింది. కెర్నెల్‌లో భాగం కాని డ్రైవర్‌ను కెర్నెల్ మారిన ప్రతిసారీ తిరిగి కంపైల్ చేయాలి. ఆ పనిని తనంతట తాను చేసే డీకేఎంఎస్ అనే ఏర్పాటు ఉన్నా, పాత మూలం కొత్త కెర్నెల్‌తో పొసగనప్పుడు అదీ చేతులెత్తేస్తుంది. ఈ రోజుల్లో ఒకే మోడల్ పేరుతో వచ్చే డాంగిళ్లలో కూడా వర్షన్ మారేసరికి లోపలి చిప్ మారిపోతుంటుంది కాబట్టి, పెట్టె మీది పేరు చూసి లైనక్స్‌కు డాంగిల్ కొనడం, జాతకం చూడకుండా పెళ్లి చేయడం లాంటిదని నాన్నగారు అన్నారు. ఆయనకు జాతకాల మీద నమ్మకం లేదన్నది వేరే సంగతి.

ఇక దుకాణం. బల్ల వెనుక కూర్చునే కుర్రాడిది మదనపల్లె వైపు, నేను కన్నడంలో మొదలుపెడితే అతను తెలుగులో అందుకున్నాడు. ల్యాప్‌టాప్ తీసుకోగానే స్క్రూలు విప్పలేదు. సొరుగులోంచి ఒక పెన్‌డ్రైవ్ తీసి, మా హార్డ్ డిస్క్‌తో సంబంధం లేకుండా దానిలోని లైనక్స్‌తోనే యంత్రాన్ని నడిపించాడు. ఇది చిన్న విషయంగా కనిపించవచ్చు గాని, సగం నిర్ధారణ ఇక్కడే జరిగిపోతుంది. తాజా వ్యవస్థలో వైఫై పనిచేస్తే తప్పు మన సెట్టింగులలోనో డ్రైవర్‌లోనో ఉన్నట్టు, అక్కడా పనిచేయకపోతే అనుమానం యంత్రం మీదికి మళ్లించవలసినట్టు. మా విషయంలో అక్కడా పనిచేయలేదు.

ఆ తరువాత, ఆదేశాలు టైపు చేసే టెర్మినల్ తెరిచి ఎల్‌ఎస్‌పీసీఐ ఆదేశంతో కార్డు పేరు చూశాడు. ఏథెరోస్ ఏఆర్9285 అని వచ్చింది, పక్కనే దానిని నడుపుతున్న డ్రైవర్ ఏథ్9కే అని ఉంది. అంటే కార్డు బతికే ఉంది, కెర్నెల్ దానిని గుర్తుపట్టింది కూడా. ఈ డ్రైవర్ 2008లో వచ్చిన 2.6.27 కెర్నెల్ నుంచీ లైనక్స్‌లో భాగంగానే ఉంది, పైగా ఇటువంటి కార్డులకు విడిగా ఫర్మ్‌వేర్ (కార్డు లోపల నడిచే సాఫ్ట్‌వేర్) ఫైలు కూడా అక్కరలేదు. పాత ల్యాప్‌టాపులలో ఇంతకన్న అణకువగల కార్డు దొరకడం కష్టమని అతనే చెప్పాడు. తరువాతి ఆదేశం ఆర్‌ఎఫ్‌కిల్ లిస్ట్. రేడియోను సాఫ్ట్‌వేర్ ఆపిందా, భౌతికమైన స్విచ్ ఆపిందా అన్నది అది వేరువేరు వరుసలలో చూపిస్తుంది. సాఫ్ట్ బ్లాక్ లేదు, హార్డ్ బ్లాక్ ఉంది. సాఫ్ట్ బ్లాక్ అయితే ఒక్క ఆదేశంతో తొలగించవచ్చు గాని, హార్డ్ బ్లాక్‌ను ఏ ఆదేశమూ కదిలించలేదు. కొన్ని ల్యాప్‌టాపులలో తయారీదారుల ప్రత్యేక మీటల కోసం కెర్నెల్‌లో ఉండే చిన్న మాడ్యూల్ లేని బ్లాక్‌ను ఉన్నట్టు చెబుతుందట. అందుకని ఆ మాడ్యూల్‌ను కూడా తీసివేసి మరోసారి చూశాడు. వరుస మారలేదు.

“స్విచ్చి ఆన్‌లో పెట్టినా బోర్డుకు ఆఫ్ అనే పోతావుంది సార్. లోపల అరిగిపోయింటాది. కార్డు బాగుంది, బోర్డూ బాగుంది” అన్నాడు. మదర్‌బోర్డు పోయిందన్న తీర్పు విని వచ్చిన నాకు ఆ మాట ఎలా వినిపించిందో వేరే చెప్పనవసరం లేదు.

స్విచ్ మార్చడమంటే అదే మోడల్‌కు చెందిన చిన్న బోర్డు వెతకాలి. అది దొరికే హామీ లేదు. అతను సూచించిన మార్గం వేరు. ఆ కాలపు ల్యాప్‌టాపులలో వైఫై కార్డు కూర్చునే మినీ పీసీఐ ఎక్స్‌ప్రెస్ గాడిలో మొత్తం 52 పిన్నులు ఉంటాయి. వాటిలో 20వ పిన్ను పని ఒక్కటే, రేడియోను ఆపమన్న సంకేతాన్ని కార్డుకు చేరవేయడం. ఆ పిన్ను తాకకుండా చేస్తే స్విచ్ ఎంత అరిచినా కార్డుకు వినిపించదు. కుర్రాడు వెనక మూత విప్పి, రెండు యాంటెనా తీగలనూ కార్డు మీది బుల్లి బొడిపెల నుంచి గోటితో కాక చదునైన పనిముట్టుతో నిటారుగా ఎత్తి, కార్డు తీసి, భూతద్దం కింద ఒక మిల్లీమీటరు కూడా వెడల్పు లేని కాప్టన్ టేపు ముక్కను ఆ పిన్ను మీద అంటించాడు. మామూలు సెల్లో టేపు వేడికి జిగురు కారుస్తుందని, ఈ పసుపుపచ్చ టేపు వేడిని ఓర్చుకుంటుందని చెప్పాడు. ఆ బొడిపెలు ముప్పై సార్లు తీసి పెట్టడానికి మాత్రమే తయారైనవి కాబట్టి అతను చూపిన జాగ్రత్త అతి కాదు. ఇంట్లో నా అంతట నేను ప్రయత్నించి ఉంటే పక్క పిన్ను కూడా కప్పేసి ఉండేవాణ్ణి. కార్డు తిరిగి గాడిలో పడగానే దుకాణం వైఫై కనిపించింది. ఇప్పుడు ఆ స్విచ్‌కు ఏ పనీ లేదు. నాన్నగారు మాత్రం రాత్రి పడుకునే ముందు దానిని ఆఫ్‌లోకి జరుపుతూనే ఉన్నారు.

మొదటి ఫిర్యాదు ఇక్కడ చెప్పాలి. ల్యాప్‌టాప్ తీసుకున్నప్పుడే పాస్‌వర్డ్ అడిగి, దానిని చీటీ మీద రాసి మూతకు అంటించారు. బల్ల మీద పరచి ఉన్న మిగతా ల్యాప్‌టాపుల పాస్‌వర్డులు కూడా వచ్చిపోయేవారందరికీ కనిపిస్తున్నాయి. పరీక్ష పెన్‌డ్రైవ్ మీదే జరిగేటప్పుడు అసలు పాస్‌వర్డ్ అవసరం చాలా భాగం లేదు. ఆ దుకాణానికి వెళ్లేవారు ముందుగానే అడ్మిన్ హక్కులు లేని వేరే ఖాతా ఒకటి తెరిచి, దాని పాస్‌వర్డ్ ఇవ్వడం మంచిది.

ఇంటికి వచ్చాక కథ మరో మలుపు తిరిగింది. ఫోన్లకు కనిపిస్తున్న మా ఇంటి వైఫై ల్యాప్‌టాప్‌కు కనిపించలేదు, పక్క ఫ్లాట్ల నెట్‌వర్కులు మాత్రం డజను కనిపించాయి. టేపు జారిందేమోనని చీటీ మీది నంబరుకు ఫోన్ చేశాను. రాత్రి ఎనిమిదిన్నరకు కూడా కుర్రాడు విసుక్కోకుండా, “రూటర్ ఏ ఛానెల్ మీద ఉందో చూడండి సార్” అన్నాడు. ఆటోమేటిక్‌లో పెట్టిన రూటర్ 13వ ఛానెల్‌కు వెళ్లి కూర్చుంది. 2.4 గిగాహెర్ట్జ్‌లో భారతదేశంలో 13వ ఛానెల్ వరకు వాడుకోవచ్చు గాని, అమెరికా మార్కెట్‌కు తగ్గట్టు తయారైన కార్డులు 11 దాటి చూడవు. మా కార్డులో రాసి ఉన్న దేశం అమెరికాయే. లైనక్స్‌లో దేశాన్ని ఇండియాగా మార్చే ఆదేశం ఉన్నా, కార్డులోనే రాసి ఉన్న పరిమితిని ఈ డ్రైవర్ దాటనివ్వదు. రూటర్‌ను 11వ ఛానెల్‌కు మార్చిన నిమిషంలో ల్యాప్‌టాప్ కలిసింది. ఈ సలహాకు వారు పైసా తీసుకోలేదు, ఆ సంగతి బిల్లులో లేకపోయినా నా లెక్కలో ఉంది. అసలు బిల్లే లేదు. అది రెండవ ఫిర్యాదు. చేత్తో రాసిన చీటీ, నోటిమాటగా నెల రోజుల హామీ, అంతే. పరీక్షకు 300, పనికి 350, మొత్తం 650 రూపాయలు అయింది.

మరొక చిన్న విషయం. ఇచ్చిన రెండు రోజులకు, అవధానం మంచి రసపట్టులో ఉండగా వీడియో ఆగి ఆగి రావడం మొదలైంది. మింట్‌లో నెట్ కనెక్షన్లను చూసుకునే నెట్‌వర్క్‌మేనేజర్ వైఫై విద్యుత్ పొదుపును మామూలుగా ఆన్‌లో ఉంచుతుంది. దాని కాన్ఫిగరేషన్ ఫైలులో పవర్‌సేవ్ విలువ 3 ఉంటే పొదుపు ఉన్నట్టు, 2 పెడితే లేనట్టు. ఎప్పుడూ ఛార్జర్ మీదే ఉండే యంత్రానికి పొదుపు ఎందుకని 2 పెట్టి రీస్టార్ట్ చేశాక ఆగడం తగ్గింది. దుకాణంలో ఇది ముందే చెప్పి ఉండవచ్చు.

రెండవసారి వెళ్లింది నా అత్యాశ వల్ల. మా అపార్ట్‌మెంట్‌లో 2.4 గిగాహెర్ట్జ్ అంతా కిక్కిరిసి ఉంటుంది. ఒకదానిమీద ఒకటి పడకుండా వాడుకోగల ఛానెళ్లు 1, 6, 11 మాత్రమే కాగా, వాటి మీద డజన్లకొద్దీ రూటర్లు పోట్లాడుకుంటుంటాయి. 5 గిగాహెర్ట్జ్ అందుకునే కార్డు కావాలని అడిగితే, కుర్రాడు వెంటనే అమ్మకుండా మూడు ఆక్షేపణలు చెప్పాడు. కొన్ని కంపెనీల బయాస్‌లో (యంత్రాన్ని మొదలుపెట్టే లోపలి సాఫ్ట్‌వేర్‌లో) తాము ఒప్పుకున్న కార్డుల జాబితా ఉంటుంది, బయటి కార్డు పెడితే యంత్రం మొదలే కాదు. 2.4 కోసం మాత్రమే తయారైన యాంటెనాలు 5లో సరిగా పట్టవు. పెద్దాయన గది రూటర్‌కు రెండు గోడల అవతల ఉంటే 5 అక్కడిదాకా నీరసించి చేరుతుంది. అయినా నేను పట్టుబట్టాను. ఇంటెల్ 7260 అర సైజు కార్డు, వాడినదే, 900 రూపాయలకు ఇచ్చాడు. ముందు యంత్రంలో పెట్టి బయాస్ ఒప్పుకుంటుందని చూపించాకే డబ్బు తీసుకున్నాడు. దీనికి ఫర్మ్‌వేర్ అవసరం, మింట్‌లో అది ముందే ఉంటుంది. 20వ పిన్నుకు మళ్లీ టేపు వేయవలసి వచ్చింది.

ఫలితం అతను చెప్పినట్టే ఉంది. హాలులో వేగం బాగా పెరిగింది. నాన్నగారి గదిలో మాత్రం 5 గిగాహెర్ట్జ్ రెండు గీతలకు పడిపోయి, ల్యాప్‌టాప్ తిరిగి తిరిగి 2.4నే ఎంచుకుంటోంది. ఆ 900 నేను వృథా చేసుకున్నదే గాని వారు చేయించినది కాదు.

వైఫై, హింజ్ (మూత బందు), కీబోర్డు వంటి పనులకు, ముఖ్యంగా లైనక్స్ ఉన్న యంత్రానికి, నేను మళ్లీ అక్కడికే వెళతాను. ముఖ్యమైన డేటా ఉన్న డిస్క్‌ను మాత్రం, ఆ పాస్‌వర్డ్ చీటీల అలవాటు పోయేదాకా, అక్కడ వదిలిపెట్టను. చిక్‌పేట మెట్రో స్టేషన్ నుంచి నడిచి వెళ్లవచ్చు. కారులో వెళితే బండి నిలిపే చోటు కోసం తిరగడమే సరిపోతుంది. ఆదివారం దుకాణం తెరవరు. శనివారం సాయంత్రం మేడమెట్ల మీదనే వరుస ఉంటుంది. బ్యాటరీ పనిచేయని ల్యాప్‌టాప్ అయితే సొంత ఛార్జర్ తీసుకెళ్లాలి, ఎందుకంటే మొదటిరోజు దానికి సరిపోయే పిన్ను ఉన్న ఛార్జర్ వెతకడానికే అరగంట పట్టింది.